గంటన్నరలో లేవమనే టీ

టీకి పిలిచేవాళ్ళు లేచి వెళ్ళాల్సిన టైము కూడా చెప్పడం మా రోజుల్లో నేను వినలేదు. ఇప్పుడు లండన్‌లో పేరున్న ఏ హోటల్లో ఆఫ్టర్‌నూన్ టీకి బల్ల బుక్ చేసినా, ఫోనుకి వచ్చే మెసేజ్‌లో రెండు టైములుంటాయి. ఎప్పుడు రావాలో ఒకటి, ఎప్పుడు బల్ల ఖాళీ చెయ్యాలో ఇంకొకటి. కొన్నిచోట్ల గంటన్నర, కొన్నిచోట్ల రెండు గంటలు. షష్టిపూర్తనీ, పెళ్ళిరోజనీ, పిల్ల డిగ్రీ పుచ్చుకున్న రోజనీ మనిషికి 70, 80 పౌండ్లు పెట్టి వెళ్ళేవాళ్ళకి ఈ షరతు. కార్డు నంబరు ముందే తీసుకుంటారు, చెప్పకుండా మానేస్తే డబ్బు కోసేస్తారు. యాభై ఏళ్ళ పైచిలుకు ఈ ఊళ్ళో ఉన్నాను. వానా, చలీ, మబ్బూ అన్నీ అలవాటయ్యాయి. ఇది మాత్రం నాకు మింగుడు పడటం లేదు.

అసలు ఈ టీ పుట్టిందే తీరిక కోసం. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా దీన్ని మొదలుపెట్టిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మధ్యాహ్నం తిండి తేలిక, రాత్రి భోజనం బాగా పొద్దుపోయాక. ఈ రెంటి మధ్యా నీరసమొచ్చి ఆవిడ తన గదికి టీ, రొట్టె, వెన్న తెప్పించుకునేదట. ఆకలి తీరడానికైతే పావుగంట చాలు. స్నేహితురాళ్ళని కూడా పిలవడం మొదలుపెట్టింది గనకే అది ఒక ఆచారమై నిలిచింది. తిండి ఒక వంక. అసలు పని కూర్చోవడం, మాట్లాడుకోవడం. ఆ అసలు పనికే ఇప్పుడు గడువు పెడుతున్నారు.

నేను గుంటూరులో మెడిసిన్ చదివి 1970ల మొదట్లో వచ్చాను. అప్పట్లో మాలాంటి జూనియర్ డాక్టర్లకి పెద్ద హోటళ్ళు అందేవి కావు. మాకున్నది లయన్స్. ఆ కంపెనీ 1894లో పికడిల్లీలో మొదటి టీ దుకాణం తెరిచింది. తర్వాత ఊరంతా తెల్లటి, బంగారు రంగు బోర్డులతో వందల దుకాణాలు వచ్చాయి. వాటి పెద్దన్నలు కార్నర్ హౌసులు. కొవెంట్రీ స్ట్రీట్‌లో 1909లో ఒకటి, తర్వాత స్ట్రాండ్‌లో ఒకటి, టాటెన్‌హమ్ కోర్ట్ రోడ్డులో ఒకటి. ఒక్కొక్కటీ అంతస్తుల మీద అంతస్తులు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అంతస్తుకొక వాద్యబృందం వాయించేదని, నల్లగౌను మీద తెల్ల ఏప్రన్ కట్టుకున్న అమ్మాయిలు చకచకా తిరుగుతూ టీ అందించేవారని, వాళ్ళని ‘నిప్పీలు’ అనేవారని మా వార్డు సిస్టర్ చెప్పేది. నేను చూసింది ఆ వైభవం కాదు, చివరి రోజులు. నేనొచ్చేనాటికి చాలా దుకాణాల్లో ట్రే పట్టుకుని వరసలో నిలబడి ఎవరి టీ వాళ్ళే తెచ్చుకోవాలి. అయినా ఒక్క పాట్ టీ పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా ఎవరూ కళ్ళెగరేసి చూసేవారు కాదు. బయట వాన, లోపల వెచ్చదనం, ఎదురుగా మనవాడొకడు. ఊరి ఉత్తరాలు ఒకరివొకరు చదువుకునేవాళ్ళం.

ఆడవాళ్ళకి ఈ దుకాణాలు చేసిన మేలు ఇప్పటి పిల్లలకి తెలీదు. మగతోడు లేకుండా ఒక ఆడమనిషి బజారులో కూర్చుని మర్యాదగా ఏదైనా తాగగలిగే చోట్లు పాతకాలపు లండన్‌లో బహు తక్కువ. 1864లో ఏబీసీ అనే రొట్టెల కంపెనీ టీ దుకాణం తెరిచాక, ఆ వెనక లయన్స్ వచ్చాక, టైపిస్టులు, నర్సులు, టీచర్లు ఒంటరిగా వచ్చి కూర్చోగలిగారు. ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ళు కూడా టీ దుకాణాల్లో కలుసుకునేవారు. గంటన్నరకి లెమ్మంటే ఆ మాటలు ఎలా సాగుతాయి?

లయన్స్ సంగతి ఇంకొకటి చెప్పాలి. ప్రపంచంలో వ్యాపార లెక్కల కోసం మొదట వాడిన కంప్యూటర్ ఈ టీ దుకాణాలవాళ్ళదే. లియో దాని పేరు. 1951లో బేకరీ లెక్కలు వెయ్యడంతో పని మొదలుపెట్టింది. కంప్యూటర్ పని మీద ఈ ఊరొచ్చి శనివారం సాయంత్రం టీకి బల్ల వెతుక్కునే మన కుర్రాళ్ళకి ఈ సంగతి చెబితే నోరు వెళ్ళబెడతారు. చివరి కార్నర్ హౌస్ 1977లో మూతపడింది. ఆ రోజు నుంచి టీ బల్ల రెండుగా చీలిపోయిందని నా అభిప్రాయం. అటు కాగితం గ్లాసు చేత్తో పట్టుకుని నడుస్తూ తాగే టీ, ఇటు 80 పౌండ్ల టీ. మధ్యతరగతి మనిషి తాపీగా కూర్చునే బల్ల మధ్యలో మాయమైంది.

విశేషమైన రోజంటే మాకూ పెద్ద హోటలే. మాలో ఎవడైనా ఎఫ్‌ఆర్‌సీఎస్ పాసైతే, లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో ఉన్న సర్జన్ల కాలేజీ నుంచి నడిచి వెళ్ళి, జీతాల్లోంచి తలా కొంచెం వేసుకుని, మంచి హోటల్ లాంజిలో టీ తాగేవాళ్ళం. ఉన్న ఒక్క సూటూ తొడుక్కుని వెళ్ళేవాళ్ళం. హోటల్ ఎంచుకోవడానికి ఎవరం ఫొటోలు చూడలేదు. సీనియర్ని అడిగేవాళ్ళం. ‘ఫలానా చోట వేడినీళ్ళు అడక్కుండానే మళ్ళీ తెస్తారు, కుర్చీలు మెత్తన, పక్క బల్ల మాటలు వినపడవు’ అని ఆయన చెప్పేవాడు. ఆ మూడూ చాలు. ఇవాళ్టికీ నేను ఎంచేది ఆ మూడింటినే.

ఇప్పటి ఎంపిక ఎలా ఉందో చూడండి. మా ఆవిడ డెబ్భై అయిదో పుట్టినరోజుకి టీకి వెళ్దామని మనవరాలు అంది. ప్రేమ గల పిల్ల, మనసులో ఏ లోటూ లేదు. రాత్రి ఫోను తీసుకుని నా పక్కన కూర్చుని, ‘తాతయ్యా, ఇది చూడు, ఇది చూడు’ అంటూ చూపించింది. ఒకచోట గోడలన్నీ పూలు. ఒకచోట కేకులన్నీ ఆడవాళ్ళ చెప్పులూ హ్యాండ్‌బ్యాగుల ఆకారంలో. ఒకచోట పిల్లల కథలోలాగా సీసాల మీద ‘నన్ను తాగు’ అని చీటీలు. పాత ఎర్ర రూట్‌మాస్టర్ బస్సులో ఊరంతా తిప్పుతూ ఇచ్చే టీ కూడా ఉంది. తొణక్కుండా కప్పులకి మూతలు పెడతారు. ఆ బస్సులు 2005 దాకా రోజూ ఎక్కి ఆసుపత్రికి వెళ్ళినవాణ్ణి నేను. అవి కుదిపే కుదుపుకి అందులో టీ తాగాలని నాకు ఏనాడూ తోచలేదు. డెబ్భై అయిదేళ్ళావిణ్ణి, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిన మనిషిని, ఆ సన్నటి మెట్లెక్కించి పై అంతస్తులో కూర్చోబెడతామా?

అరగంట చూపించాక నేనడిగాను. ‘ఇన్ని చూపించావు గదమ్మా, వీటిలో టీ ఏం టీ ఇస్తారు?’ పిల్ల ఫోనులో చాలాసేపు వెతికింది. కేకుల ఫొటోలు ఒక్కోచోట యాభై ఉన్నాయి. టీ పేర్లున్న కాగితం మాత్రం నాలుగైదు చోట్ల అసలు దొరకనే లేదు.

నా గొడవంతా ఇక్కడే ఉంది. ఈ ఊరు ప్రపంచానికి టీ ధర కట్టిన ఊరు. అస్సాంలో పండిన మొదటి టీ పెట్టెలు 1839లో ఇక్కడే వేలానికి వచ్చాయి. మిన్సింగ్ లేన్ అనే చిన్న వీధిలో బ్రోకర్లు, రుచి చూసేవాళ్ళు తరాల తరబడి బతికారు. చెంచాడు టీ జుర్రున పీల్చి, పుక్కిట పట్టి, ఏ తోటదో ఏ కోతదో చెప్పగలిగిన మనుషులు. ఆ లండన్ టీ వేలం 1998 జూన్ 29తో ఆగిపోయింది. కొనుగోళ్ళు తోటలున్న దేశాల్లోనే జరుగుతున్నాయి, కొలంబోలో, మొంబాసాలో, కోల్‌కతాలో. అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. వేలంతోపాటు ఆ పరిజ్ఞానం కూడా ఊరు విడిచిపోయిందే అన్నది నా బాధ.

ఇళ్ళలో ఏం జరిగిందో చూడండి. టెట్లీ కంపెనీ 1953లో టీ బ్యాగుల్ని బ్రిటన్‌కి తెచ్చింది. 1960ల మొదట్లో కూడా దేశంలో టీ బ్యాగుల వాటా నూటికి 3 లోపే. 2007 నాటికి అది 96. ఆ టెట్లీని 2000లో మన టాటాలు కొన్నారు, అది వేరే కథ. బ్యాగులో పోసేది నలిగిన చూర ఆకు. రంగు ఇట్టే దిగుతుంది, సువాసన నిలవదు. ఇంట్లో పనుల హడావిడిలో ఉన్నవాళ్ళు ఆ బ్యాగు వాడితే నేనేమీ అనను, మా ఇంట్లోనూ ఉంది. విశేషమైన రోజున, వెండి కూజాలాంటి పాట్‌లో, దారం వేలాడుతున్న బ్యాగు కనిపిస్తే మాత్రం నా ప్రాణం ఉసూరుమంటుంది.

మంచి టీకి ఏం కావాలో చెబుతాను. విడి ఆకు కావాలి. నీళ్ళు కళపెళా మరుగుతుండగా పొయ్యాలి. డార్జిలింగ్ అయితే మూడు నిమిషాల తర్వాత ఆకుని తీసెయ్యాలి, లేకపోతే వగరెక్కుతుంది. మే, జూన్ నెలల్లో కోసే రెండో కోత డార్జిలింగ్‌కి పండిన ద్రాక్ష వాసన ఉంటుంది, దానికి పాలు అక్కర్లేదు. అస్సాంకి పాలు పడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, లండన్ నీళ్ళు సున్నపు నీళ్ళు. సుద్దరాళ్ళలోంచి వచ్చే నీళ్ళు కావడంతో ఇక్కడ ఏ ఇంట్లో టీ పెట్టినా పైన సన్నటి పొర తేలుతుంది. టీ మీద శ్రద్ధ ఉన్న హోటల్ నీళ్ళు వడకట్టి వాడుతుంది. ఈ ఒక్క ప్రశ్న ఫోన్లో అడిగి చూడండి, ‘మీరు టీకి నీళ్ళు ఫిల్టర్ చేస్తారా?’ అని. టక్కున జవాబు చెప్పగలిగినవాళ్ళకి టీ గురించి తెలుసు. తడబడితే వాళ్ళకి కేకులే తెలుసు.

తిండి దగ్గరికొస్తే మాత్రం ఇప్పటి రోజులే నయమని ఒప్పుకోవాలి. 1970ల్లో మా ఆవిడ శాకాహారి అని చెబితే, ‘అయితే చేప తినండి’ అనేవాళ్ళు. పాపం, కీరదోస శాండ్‌విచ్చులు రెండు, రొట్టె వెన్న, అంతే ఆవిడ పండగ. కోడిగుడ్డు కూడా ముట్టేది కాదు. ఇవాళ ముందుగా చెబితే శాకాహారులకి విడిగా పళ్ళెం, గుడ్డూ పాలూ కూడా తిననివాళ్ళకి మరో పళ్ళెం. పిల్లలకి దేనివల్ల ఒళ్ళు దద్దుర్లెక్కుతుందో చెబితే వాళ్ళకీ వేరే. 2014 నుంచి, ఎలర్జీ కలిగించే 14 పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో అడిగినవాళ్ళకి చెప్పి తీరాలని చట్టం. పాలు, గుడ్డు, నువ్వులు, ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

మనవాళ్ళు ఆ జాబితాని చూసి నిశ్చింతగా ఉండకూడదు. పశువుల ఎముకలూ చర్మాలూ ఉడికించి తీసే జెలటిన్ అందులో లేదు. అది ఎలర్జీ లెక్కలోకి రాదు కనుక రాయరు. మూడంతస్తుల స్టాండు మీద పైన మెరుస్తూ కూర్చునే చిన్నచిన్న కేకుల్లో, మూస్‌ల్లో, జెల్లీల్లో, గాజులాంటి పూతల్లో ఎక్కువగా ఉండేది అదే. ‘మాంసం లేదు గదా’ అనుకుని ఆ కేకు తినేసిన పెద్దవాళ్ళు నాకు తెలుసు, తర్వాత తెలిసి రెండు రోజులు అన్నం సహించక బాధపడ్డారు. అక్కడికి వెళ్ళాక వడ్డించే అబ్బాయిని అడిగితే అతనికి తెలియకపోవచ్చు. బుక్ చేసేటప్పుడే జెలటిన్ పేరెత్తి అడగాలి.

స్కోన్ అనే చిన్న రొట్టె మీద జెలటిన్ అనుమానం అక్కర్లేదు. మైదా, వెన్న, పాలు. పైన నిగనిగలాడటానికి గుడ్డు పూస్తారు, గుడ్డు పడనివాళ్ళు అదొక్కటి అడగాలి. దాని పక్కన ఇచ్చే మీగడ మాత్రం నిజమైన క్లాటెడ్ క్రీమ్ అయి ఉండాలి. కార్న్‌వాల్ మీగడకి నూటికి 55 వంతులు తక్కువ కాకుండా వెన్న ఉండాలని నియమం. మా అమ్మ గుంటూరులో పిడకల దాలి మీద కాచిన పాల మీద కట్టే మీగడ రుచి నాకు ఈ దేశంలో దొరికిన ఒక్కచోటు అదే. గిలక్కొట్టిన క్రీమ్ తెచ్చి అదే ఇది అనిపించే చోట్లకి నేను రెండోసారి వెళ్ళను.

మళ్ళీ టైము దగ్గరికే వస్తాను, మనసు అక్కడే ఉంది. రిట్జ్ హోటల్ 1906 నుంచీ ఉంది. దాని పామ్ కోర్టులో టీ ఇప్పుడు రోజుకి అయిదు విడతలు. పొద్దున్న పదకొండున్నరకి మొదలై రెండేసి గంటలకొకటి, ఆఖరిది రాత్రి ఏడున్నరకి. పదకొండున్నర అంటే మన ఇళ్ళలో ఇంకా పప్పు పోపు పెట్టని వేళ. ఏడున్నర రాత్రి భోజనం వేళ. ఈ రెంటినీ మధ్యాహ్నం అనడానికి నాకు నోరు రాదు. మన పెళ్ళిళ్ళలో రెండో బంతివాళ్ళు వచ్చి కుర్చీల వెనక నిలబడితే మొదటి బంతివాళ్ళకి ముద్ద దిగదు. ఊరంతటా ఇప్పుడు టీ బల్లల పరిస్థితి అదే. అయితే ఆ హోటల్లో ఒక్కటి నాకు నచ్చుతుంది. మగవాళ్ళు కోటు వేసుకోవాలి, జీన్సూ ఆటల బూట్లూ కుదరవు అంటారు. కుర్రాళ్ళు విసుక్కుంటారు. నేను సమర్థిస్తాను. అమ్మ పుట్టినరోజుకి కొడుకు ఇస్త్రీ చొక్కా, కోటు తొడుక్కుని ఎదురుగా కూర్చుంటే ఆవిడ మొహంలో వచ్చే కళ ఏ కేకుతోనూ రాదు.

ఆ మధ్య ఒక పెద్ద హోటల్లో, పేరెందుకులెండి, మా స్నేహితుడి యాభయ్యో పెళ్ళిరోజుకి కూర్చున్నాం. ఆవిడ మద్రాసు మెయిల్లో తమ మొదటి ప్రయాణం సంగతి చెబుతోంది. అందరం వింటున్నాం. గంటా ఇరవై నిమిషాలకి బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. మేము అడగనే లేదు. ఆవిడ మాట ఆపేసింది. మళ్ళీ ఎవరెంత అడిగినా ‘ఏముందిలే’ అనేసింది. నాకు ఆ బిల్లులో అంకె గుర్తులేదు. ఆవిడ ఆపేసిన చోటు గుర్తుంది, గూడూరు స్టేషన్లో బండి ఆగిన చోటు.

బిల్లు సంగతీ కొంచెం చూసుకోవాలి. కింద సర్వీసు ఛార్జీ అని పన్నెండున్నర నుంచి 15 శాతం దాకా వేస్తారు. చాలాచోట్ల అది మన ఇష్టం, వద్దంటే తీసేస్తారు. నేను తీసెయ్యమనను. నిలబడి పనిచేసేవాళ్ళ కష్టం నేను ఆసుపత్రుల్లో చూశాను. 2024 అక్టోబరు నుంచి ఆ డబ్బు యజమానులు మినహాయించుకోకుండా పనివాళ్ళకే ఇవ్వాలని చట్టం వచ్చింది. ఇది మా రోజుల్లో లేని మంచి. షాంపేన్ గ్లాసు తగిలించి టీ ధరని మరో పాతిక పౌండ్లు పెంచే పద్ధతి మాత్రం మనవాళ్ళు చాలామందికి అనవసరం. వద్దని చెప్పడానికి మొహమాటపడొద్దు.

ఎక్కడికి వెళ్ళాలని నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ. డబ్బు పెట్టగలిగితే పాత హోటళ్ళు చూడండి. బ్రౌన్స్ 1837 నుంచి ఉంది, లాంగమ్ 1865 నుంచి ఉంది. లేదూ టీ మీదే మనసుంటే ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్‌కి వెళ్ళండి. 1707 నాటి దుకాణం, ఇప్పటికీ విడి ఆకు తూచి అమ్ముతారు. పైన టీ గదిని 2012లో ఎలిజబెత్ రాణి తెరిచింది. లిఫ్టు ఉంది, పెద్దవాళ్ళకి సుఖం. ఎక్కడైనా శనివారం వద్దు, మంగళవారమో బుధవారమో మూడు దాటాక వెళ్ళండి. ఆ వారాల్లో మూడు దాటిన విడతకి జనం తక్కువ, లెమ్మనడం కూడా తక్కువే. అంత డబ్బు పెట్టలేనివాళ్ళు సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్ళండి. ప్రపంచంలో మ్యూజియంలో పెట్టిన మొదటి ఫలహారశాల అది. రంగు అద్దాలు, పింగాణీ పలకలు కప్పిన స్తంభాలు, ఎత్తయిన కప్పు. ట్రే పట్టుకుని మనమే తెచ్చుకోవాలి, మా లయన్స్ చివరి రోజుల్లోలాగే. ఒక పాట్, ఒక స్కోన్ తెచ్చుకుని కూర్చుంటే ఎంతసేపయినా ఎవరూ బిల్లు తెచ్చి పెట్టరు. ముందే ఇచ్చేశాం గదా.

ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నవాళ్ళు, పిల్లల కాన్వొకేషన్‌కి ఊళ్ళ నుంచి వచ్చే తల్లిదండ్రులు. పట్టుచీర కట్టుకుని, మెడనిండా మఫ్లర్ చుట్టుకుని, ఆ పెద్ద హాల్లో ముడుచుకుని కూర్చుంటారు. కొడుకో కూతురో ముచ్చటపడి తీసుకొస్తారు. తీరా టీ వచ్చాక వాళ్ళకి నచ్చదు. పాలు వేరే, డికాక్షన్ వేరే, ఆ పాలు ఫ్రిజ్జులోవి. చల్లటి పాలు పోస్తే టీ చల్లారిపోతుంది. పిల్లాడు అంత డబ్బు పెట్టాడని పైకి అనరు, సగం కప్పు వదిలేస్తారు. ఎన్నోసార్లు పక్క బల్లల మీద చూశాను, నాకు కడుపు తరుక్కుపోతుంది. అస్సాం చెప్పండి, అయిదు నిమిషాలు దిగనివ్వండి, వేడిపాలు కావాలని అడగండి. ఏ హోటల్లోనూ కాదనరు, డబ్బు కూడా తీసుకోరు. పంచదార బిళ్ళలు బల్ల మీదే ఉంటాయి, మూడు వేసుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు.